రెడీమేడ్‌ ఇల్లు కొంటున్నారా? కొలతలు, కాగితాలు ముందు చూడండి

* కర్మాగారంలో తయారై లారీపై తరలివచ్చే ఇళ్లపై పెరుగుతున్న మోజు
* మాటలు నమ్మి బయానా ఇస్తే చిక్కులే
* డీలరును, సరుకును పరీక్షించే పద్ధతులపై ప్రత్యేక కథనం

కోదాడ, సూర్యాపేట జిల్లా: ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టే శ్రమ లేకుండా కట్టిన ఇంటినే లారీపై తెచ్చి స్థలంలో దించే రోజులు వచ్చాయి. హైదరాబాద్‌-విజయవాడ జాతీయ రహదారిపై కిటికీలు, తలుపులు, వసారాతో సహా ఒక గది ట్రాలీపై వెళుతుంటే ఒకప్పుడు జనం నిలబడి చూసేవారు. నేడు అది వింత కాదు. పొలం వద్ద విశ్రాంతి గది కోసం రైతులు, ఖాళీ స్థలంలో చిన్న ఇంటి కోసం విశ్రాంత ఉద్యోగులు, అద్దెల కోసం చిన్న వ్యాపారులు వీటివైపు మొగ్గు చూపుతున్నారు. ఇసుక కొరత లేదు, మేస్త్రీ కోసం ఎదురుచూపులు లేవు, నెలా రెండు నెలల్లో గృహప్రవేశం చేసుకోవచ్చు. ఇవన్నీ నిజమే. అయితే ఇటుక ఇంటికి గోడ లేచే కొద్దీ యజమాని కళ్లెదుటే నాణ్యత తేలిపోతుంది. రెడీమేడ్‌ ఇంట్లో అసలు సరుకంతా రంగు రేకుల మధ్య దాగి ఉంటుంది. అక్కడే మోసానికి తావు ఏర్పడుతున్నది.

మండలంలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పదవీ విరమణ సొమ్ములో కొంత వెచ్చించి పొలంలో ఇటువంటి ఇల్లు దింపించుకున్నారు. మాటల్లో 80 మి.మీ. మందం గల గోడలని చెప్పిన డీలరు, కాగితంపై మాత్రం 'ఇన్సులేటెడ్‌ ప్యానెల్‌' అని రాసి ఇచ్చాడు. వేసవిలో గది నిప్పుల కుంపటిగా మారడంతో ఏసీ కోసం గోడకు రంధ్రం వేయించగా 50 మి.మీ. మందమే ఉన్నట్లు తేలింది. నిలదీస్తే 'మేము మందం రాయలేదు కదా' అన్న సమాధానం వచ్చింది. "పదిమందికి పాఠం చెప్పినవాణ్ని, ఒక్క కాగితం సరిగా చదవలేకపోయాను" అని ఆయన ఈ విలేకరి వద్ద వాపోయారు. ఆ ఒక్క కాగితంలో ఏముండాలో, దానికి ముందు ఏమేమి చూడాలో తెలుసుకోవడం కొనుగోలుదారులందరికీ ఆవశ్యకం.

ఏది ఏ రకం?

మార్కెట్లో అన్నింటినీ 'కంటైనర్‌ ఇల్లు' అనే పిలుస్తున్నారు. నిజానికి ఇవి నాలుగు రకాలు.

మొదటిది, ఓడల్లో సరుకు రవాణాకు వాడిన పాత కంటైనరును ఇల్లుగా మార్చడం. 20 అడుగుల కంటైనరు వెలుపలి కొలతలు 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. అంటే 160 చదరపు అడుగులు. 40 అడుగులదైతే 320 చదరపు అడుగులు. లోపల గోడకు అస్తరు వేసిన తరువాత మిగిలే స్థలం ఇంకా తక్కువ. రెండవది, ఇనుప గొట్టాలతో చట్రం కట్టి, దానికి ప్యానెళ్లు బిగించి కొత్తగా తయారుచేసే క్యాబిన్‌. చూపులకు కంటైనరులాగే ఉన్నా ఇది వేరు. మూడవది, పలుచని గాల్వనైజ్డ్‌ ఉక్కు పట్టీలను యంత్రంపై వంచి, స్థలంలో మరలతో బిగించి, సిమెంటు ఫైబర్‌ బోర్డులతో గోడలు వేసే ఇల్లు. నాలుగవది, ముందుగా పోతపోసిన కాంక్రీటు పలకల ఇల్లు. ఇది బరువైనది, క్రేను తప్పనిసరి.

పాత కంటైనరు కొనేవారు రెండు సంగతులు గమనించాలి. సముద్ర ప్రయాణంలో పురుగు పట్టకుండా దాని చెక్క నేలకు క్రిమిసంహారక మందులు పట్టించి ఉండవచ్చు. కనుక ఆ నేలను తీసివేయించడమో, పైన పూర్తిగా మూసివేయించడమో చేయాలి. రెండవది, కంటైనరు బలంలో దాని ముడతల గోడలకూ పాత్ర ఉంటుంది. కిటికీలకు, తలుపులకు ఆ గోడను కోసినప్పుడల్లా చుట్టూ ఇనుప చట్రం వెల్డింగ్‌ చేయాలి. లేకుంటే పైకప్పు కుంగుతుంది.

అమెరికాలో ఎర్ర బిళ్ల.. మరి ఇక్కడ?

కర్మాగారపు ఇళ్లు మనకు పూర్తిగా కొత్త కాదు. దేశ విభజన అనంతరం శరణార్థుల గృహ అవసరాల కోసం 1948లోనే ఢిల్లీలో ప్రభుత్వ ఆధ్వర్యంలో గృహ కర్మాగారం నెలకొల్పారు. 2021 జనవరి 1న కేంద్రం ఆరు నగరాల్లో లైట్‌ హౌస్‌ ప్రాజెక్టులకు శంకుస్థాపన చేసింది. వాటిలో ఇండోర్‌లో సాండ్‌విచ్‌ ప్యానెళ్లు, అగర్తలాలో పలుచని ఉక్కు చట్రం, రాంచీలో కర్మాగారంలో పోతపోసిన కాంక్రీటు గదుల పద్ధతి వాడారు. పద్ధతిలో లోపం లేదు. పాటించడంలోనే తేడాలు వస్తున్నాయి.

ఈ ఇళ్లు విస్తృతంగా వాడుకలో ఉన్న అమెరికాలో 1974లో ప్రత్యేక చట్టం చేశారు. 1976 జూన్‌ 15 నుంచి అక్కడ తయారయ్యే ఇటువంటి ప్రతి ఇంటికీ జాతీయ ప్రమాణం వర్తిస్తుంది. ఇంటి వెలుపల ఎర్రని లోహపు బిళ్ల బిగిస్తారు. ఆ ఇల్లు ఎంత గాలిని తట్టుకోగలదో తెలిపే పట్టిక ఇంటి లోపల అతికిస్తారు. కొనేవాడు ముందుగా చూసేది ఆ బిళ్లనే. మన దేశంలో ఉక్కుకు, రేకుకు, బోర్డుకు, గాలి ఒత్తిడి లెక్కకు వేర్వేరుగా భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో ప్రీఫ్యాబ్‌ పద్ధతికి ఒక విభాగమే ఉంది. కానీ ఇల్లు మొత్తాన్ని తనిఖీ చేసి ముద్ర వేసే అటువంటి బిళ్ల మనకు లేదు. అందువల్ల ఇక్కడ కొనుగోలుదారు రాయించుకునే ఒప్పంద పత్రమే ఆ బిళ్ల పని చేయాలి.

గోడలో ఏముంది?

సాండ్‌విచ్‌ ప్యానెల్‌ అంటే రెండు రంగు రేకుల మధ్య వేడిని ఆపే పదార్థం. సాధారణంగా మూడు రకాలు వాడుతున్నారు.

* పఫ్‌: గట్టి నురగ. వేడిని బాగా ఆపుతుంది. ఘనపు మీటరుకు 40 కిలోల సాంద్రత గలది అడగాలి. సాంద్రత తగ్గించి చవకగా అమ్మేవారున్నారు.
* థర్మోకోల్‌: ధర తక్కువ. అంతే మందానికి పఫ్‌ కంటే వేడిని తక్కువగా ఆపుతుంది.
* రాక్‌వూల్‌: రాతి నార. మంటకు అంటుకోదు. తడి తగలకుండా చూసుకోవాలి.

పఫ్‌, థర్మోకోల్‌ రెండూ మంట తగిలితే కాలి విషపు పొగ వదులుతాయి. కాబట్టి వంటగది గోడలకు రాక్‌వూల్‌ గానీ, సిమెంటు ఫైబర్‌ బోర్డు గానీ వేయించుకోవడం క్షేమం. గ్యాస్‌ సిలిండరు ఇంటి బయట గూటిలో ఉండేలా చూడాలి. తలుపు ఒకటే అయితే, మనిషి దూరగల కిటికీ ఒకటి ఊచలు లేకుండానో, లోపలి నుంచి తెరుచుకునే ఊచలతోనో ఉండాలి.

మన వేసవి ఎండలకు గోడ కంటే పైకప్పు ముఖ్యం. కప్పుకు గోడకంటే మందమైన ప్యానెల్‌ వేయించి, పైన తెలుపు లేక లేత రంగు ఎంచుకోవాలి. కప్పుపై అడుగు ఎత్తున మరో రేకు పందిరి వేసి మధ్య గాలి ఆడేలా చేస్తే లోపలి వేడి గణనీయంగా తగ్గుతుంది. పడమటి వైపు వసారా మరింత మేలు.

కొనుగోలుదారు చేయవలసిన సులువైన పని ఒకటుంది. వాడబోయే ప్యానెల్‌ కోత ముక్కను జానెడు మేర అడిగి తీసుకోవాలి. దానిపై డీలరు సంతకం, తేదీ వేయించి ఇంట్లో భద్రపరచాలి. ఇల్లు వచ్చిన రోజు ఆ ముక్కతో పోల్చి చూస్తే సరిపోతుంది. ముక్క ఇవ్వడానికి వెనుకాడే డీలరు వద్ద కొనకపోవడమే మంచిది.

గేజ్‌ మాటలు వద్దు.. మిల్లీమీటర్లే ముద్దు

ఇనుప రేకు మందాన్ని వ్యాపారులు గేజ్‌లలో చెబుతారు. గేజ్‌ సంఖ్య పెరిగే కొద్దీ రేకు పలుచనవుతుంది. తెలియనివారు పెద్ద సంఖ్య అంటే మందం ఎక్కువని భ్రమపడతారు. అందుచేత ఒప్పందంలో మిల్లీమీటర్లలోనే రాయించాలి.

మందాన్ని బరువుతో సరిచూడవచ్చు. ఒక మిల్లీమీటరు మందం గల ఉక్కు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన 10 చదరపు మీటర్ల రేకు 0.50 మి.మీ. మందమైతే 39 కిలోలకు పైగా, 0.35 మి.మీ. అయితే 27 కిలోలకు కొంచెం పైగా ఉంటుంది. కంటికి కనిపించని తేడా కాటాపై బయటపడుతుంది. ధాన్యం లారీని కాటా వేయించినట్లే ఇంటి లారీని కూడా దారిలోని వేబ్రిడ్జిపై తూయించవచ్చు. కొటేషన్‌లో ఇంటి మొత్తం బరువు రాయించుకొని, లారీ ఖాళీ బరువు తీసివేసి పోల్చాలి.

తుప్పు రెండవ శత్రువు. గాల్వనైజ్డ్‌ రేకుపై జింకు పూత చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో అడగాలి. 275 గ్రాముల పూత మన్నికైనది. అంతకంటే చాలా తక్కువ పూత గల రేకులు కూడా మార్కెట్లో ఉన్నాయి. బాపట్ల, మచిలీపట్నం, కాకినాడ వంటి ఉప్పుగాలి ప్రాంతాల వారికి ఇది మరీ ముఖ్యం. వెల్డింగ్‌ చేసిన చోట పూత కాలిపోతుంది కనుక అక్కడ జింకు కలిపిన పెయింటు తిరిగి వేశారో లేదో చూడాలి. తుప్పు మొదలయ్యేది అక్కడి నుంచే.

గాలివానకు నిలుస్తుందా?

భవనాలపై గాలి ఒత్తిడిని లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్‌ 875 మూడవ భాగం. దాని ప్రకారం మూల గాలి వేగం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరుల్లో సెకనుకు 50 మీటర్లు, హైదరాబాదులో 44 మీటర్లు, కర్నూలులో 39 మీటర్లు. సెకనుకు 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్‌ తుపాను గాలులు ఇంచుమించు ఆ వేగంతోనే వీచాయి.

ఆ వేగంలో గాలి ప్రతి చదరపు మీటరుపై దాదాపు 150 కిలోల బరువుతో నెడుతుంది. 20 అడుగుల పొడవు, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు గల గోడ వైశాల్యం సుమారు 16 చదరపు మీటర్లు. అంటే ఆ ఒక్క గోడపై దాదాపు రెండున్నర టన్నుల తోపు. తేలిక క్యాబిన్‌ మొత్తం బరువే ఆ దరిదాపుల్లో ఉంటుంది. రాళ్లపై ఊరికే కూర్చోబెట్టిన ఇల్లు పెద్ద గాలికి పక్కకు జరగడమో, తిరగబడడమో జరిగితే ఆశ్చర్యం లేదు. బరువైనది కదా, కదలదు అన్న మాటను నమ్మరాదు.

కాబట్టి ఇంటి చట్రాన్ని కాంక్రీటు దిమ్మెల్లో నాటిన బోల్టులకు బిగించాలి. ఏ ఊరిలో ఇల్లు దించుతున్నారో ఆ ఊరి గాలి వేగానికి సరిపోయేలా లెక్క వేసినట్లు అర్హత గల స్ట్రక్చరల్‌ ఇంజినీరు సంతకంతో ధ్రువపత్రం తీసుకోవాలి. ఒక ఊరికి వేసిన లెక్కను మరో ఊరికి చూపడం చెల్లదు. కర్నూలుకు సరిపోయిన బిగింపు విశాఖకు చాలదు.

పునాది ఎవరి పని?

చాలా తగాదాలు ఇక్కడే మొదలవుతున్నాయి. కొటేషన్‌లో పునాది ఉండదు. 'మీరే వేయించుకోండి' అని డీలరు చెబుతాడు. తరువాత తలుపు పట్టకపోతే పునాది వంకర అంటాడు. పునాది వేసిన మేస్త్రీ ఇల్లే వంకర అంటాడు. దిమ్మెల సంఖ్య, కొలతలు, ఎత్తు చూపే డ్రాయింగు డీలరే ఇవ్వాలి. ఇల్లు దించే ముందు మట్టం సరిచూసి 'పునాది సరిగా ఉంది' అని రాసి సంతకం చేయాలి. అప్పుడు నెపం మరొకరిపై నెట్టే వీలుండదు.

నల్లరేగడి నేలల్లో మరింత జాగ్రత్త అవసరం. వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారే ఆ నేలపై లోతులేని దిమ్మెలు ఒకటి పైకి, ఒకటి కిందికి కదులుతాయి. చట్రం మెలితిరిగి ప్యానెళ్ల కీళ్లు విడిపోతాయి. నీరు కారడం అక్కడి నుంచే ఆరంభమవుతుంది.

ఇల్లు చేరే దారిని సైతం ముందే కొలవాలి. మామూలు లారీపై 2.6 మీటర్ల వెడల్పు వరకే అనుమతి. అంటే సుమారు ఎనిమిదిన్నర అడుగులు. 10, 12 అడుగుల వెడల్పు క్యాబిన్లను ఒకే ముక్కగా తేవాలంటే రవాణా శాఖ ప్రత్యేక అనుమతి కావాలి. ఆ ఖర్చు, బాధ్యత ఎవరివో రాయించాలి. ఊరి సందు మలుపులు, కాలువలపై తూములు, కిందికి వేలాడే కరెంటు తీగలు, క్రేను నిలబడే గట్టి నేల ఉన్నాయో లేదో డీలరు మనిషి స్వయంగా వచ్చి చూడాలి. ఊరి పొలిమేరలో లారీ ఆగిపోయాక బేరం మొదలైతే నష్టపోయేది యజమానే.

ఇనుప ఇంట్లో ఎర్తింగే ప్రాణం

ఇటుక గోడలో తీగ తెగితే ఒక మూల షాక్‌ కొట్టవచ్చు. ఇనుప ఇంట్లో తీగ చట్రానికి తగిలితే ఇల్లంతా కరెంటే. తడి చేతులతో తలుపు పట్టుకున్న పిల్లవాడి ప్రాణానికే ముప్పు. ఈ ఒక్క విషయంలో రాజీ పడరాదు. చట్రానికి రెండు చోట్ల ఎర్తింగ్‌ కలపాలి. మెయిన్‌ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పక ఉండాలి. లీకేజీ కరెంటును పసిగట్టి క్షణంలో సరఫరా నిలిపివేసేది అదే. సాధారణ ఎంసీబీ ఆ పని చేయదు. తీగలన్నీ గొట్టాల్లో నడవాలి. రేకు రంధ్రాల అంచుల వద్ద రబ్బరు కట్టు ఉండాలి. డీలరు పంపిన ఎలక్ట్రీషియన్‌ కాక, లైసెన్సు గల వేరొకరి చేత పరీక్ష చేయించిన తరువాతే కరెంటు ఇప్పించుకోవాలి.

అనుమతి అక్కరలేదన్నది నిజమా?

'ఇది కదిలే ఇల్లు, అనుమతి అవసరమే లేదు' అన్నది అమ్మకందారులు తరచుగా చెప్పే మాట. ఇల్లు కదిలేదైనా దించేది భూమిపైనే. మనుషులు నివసించే కట్టడానికి గ్రామ పంచాయతీ లేదా పురపాలక సంఘాన్ని సంప్రదించి లిఖితపూర్వకంగా స్పష్టత తీసుకోవాలి. వ్యవసాయ భూమి అయితే వ్యవసాయేతర వినియోగానికి మార్పిడి విషయమై తహసీల్దారు కార్యాలయంలో విచారించాలి. తెలంగాణలో 2025 ఏప్రిల్‌ 14 నుంచి భూభారతి చట్టం అమలులోకి వచ్చింది. నిబంధనలు మారుతూ ఉంటాయి కనుక పాత ఉదాహరణలు పనికిరావు. ఇంటి నంబరు, కరెంటు మీటరు, కుళాయి కనెక్షన్‌ అన్నీ దీనిపైనే ఆధారపడతాయి.

'ఫాం ప్లాటుతో పాటు ఇల్లు' అనే ప్యాకేజీలను ముందుగా భూమి కొనుగోలుగానే చూడాలి. యాజమాన్య పత్రాలు, ఈసీ, లేఅవుట్‌ అనుమతి, రెరా నమోదు చూశాకే ఇంటి సంగతి. ఇంటి బొమ్మ చూపి వివాదాస్పద భూమి అంటగట్టే ప్రమాదం ఉంది. సొంత స్థలంలో దింపించుకునే ఒక్క ఇంటికి మాత్రం సాధారణంగా రెరా రక్షణ వర్తించదని గుర్తెరగాలి.

రుణంపై కొనదలచినవారు బయానా ఇవ్వకముందే బ్యాంకును అడగాలి. భూమికి బిగించని ఇంటిని గృహరుణానికి తాకట్టుగా బ్యాంకు అంగీకరించకపోవచ్చు. 'లోన్‌ మేమే ఇప్పిస్తాం' అన్న డీలరు హామీ బ్యాంకు మంజూరు పత్రంతో సమానం కాదు.

డీలరును ఎలా పరీక్షించాలి?

డీలరు, తయారీదారు, మధ్యవర్తి ముగ్గురూ వేర్వేరు. మొదట అడగవలసిన ప్రశ్న: 'ఇల్లు ఎక్కడ తయారవుతుంది? నేను వచ్చి చూడవచ్చా?' షెడ్డు చూపలేనివాడు మధ్యవర్తి అయి ఉండవచ్చు. మధ్యవర్తి కావడం తప్పు కాదు. కానీ వారంటీ ఎవరు ఇస్తారన్నది తేలాలి.

* జీఎస్టీ నంబరు: 15 అంకెలు, అక్షరాలు ఉంటాయి. తెలంగాణలో నమోదైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. సంస్థ అసలు పేరు, నమోదు తేదీ, అమలులో ఉందా రద్దయిందా అన్నవి తెలుస్తాయి. 'పదిహేనేళ్ల అనుభవం' అన్న బోర్డు వెనుక ఆరు నెలల నమోదు ఉంటే ఎందుకని అడగాలి.
* పాత ఇళ్లు: మూడేళ్ల కిందట దించిన కనీసం మూడు ఇళ్ల చిరునామాలు అడగాలి. కొత్త ఇల్లు ఎవరిదైనా మెరుస్తుంది. డీలరు వెంట లేకుండా వెళ్లాలి. మే నెల మధ్యాహ్నం గానీ, వాన కురిసిన మరునాడు గానీ వెళితే మరీ మంచిది. కప్పు కీళ్లు, కిటికీ మూలలు, నేల అంచులు చూడాలి. 'ఫోన్‌ చేస్తే ఎన్నాళ్లకు వచ్చారు?' అని ఇంటి ఇల్లాలిని అడిగితే నిజం తెలుస్తుంది.
* బ్యాంకు ఖాతా: సంస్థ పేరిటే ఉండాలి. యజమాని బావమరిది ఫోన్‌ నంబరుకు డబ్బు పంపమంటే అక్కడే ఆగాలి.
* కొటేషన్‌: ఒకే కొలతలు, ఒకే సరుకు జాబితా ఇచ్చి ముగ్గురి నుంచి తీసుకోవాలి. మిగతా ఇద్దరికంటే ఒకరు బాగా తక్కువ చెబితే ఏది తగ్గించారో వెతకాలి.
* తొందర: 'ఈ సాయంత్రంలోగా కడితేనే తగ్గింపు' అన్నవారి వద్ద మరునాడు కూడా అదే ధర ఉంటుంది.

సామాజిక మాధ్యమాల్లోని వీడియోలు చాలావరకు ప్రకటనలే. వీడియోలోని ఇల్లు, కొటేషన్‌లోని ఇల్లు ఒకటేనా అన్నది సరుకు జాబితాతో పోల్చి తేల్చుకోవాలి.

ఒప్పందంలో ఏముండాలి?

స్టాంపు కాగితంపై ఇరుపక్షాల సంతకాలతో ఈ కింది అంశాలు ఉండాలి.

1. వెలుపలి, లోపలి కొలతలు వేర్వేరుగా.
2. చట్రం గొట్టాల పరిమాణం, మందం. రేకు మందం మిల్లీమీటర్లలో. జింకు పూత గ్రాముల్లో.
3. గోడ, కప్పు ప్యానెళ్ల పదార్థం, మందం, సాంద్రత.
4. తలుపులు, కిటికీలు, స్విచ్చులు, తీగలు, కుళాయిల కంపెనీ పేర్లు.
5. పునాది, రవాణా, క్రేను, బిగింపు, సెప్టిక్‌ ట్యాంకు, కరెంటు కలపడం.. వీటిలో ధరలో చేరినవి ఏవి, చేరనివి ఏవి.
6. పన్ను ధరలో కలిసే ఉందా, విడిగానా. 8 లక్షల రూపాయల ఇంటికి 18 శాతం పన్ను విడిగా పడితే మరో రూ.1.44 లక్షలు సిద్ధం చేసుకోవాలి.
7. అప్పగించే తేదీ, ఆలస్యమైతే వారానికి ఎంత తగ్గింపు.
8. వారంటీ: చట్రానికి, నీరు కారడానికి, రంగుకు, కరెంటు పనులకు వేర్వేరు గడువులు, ఫిర్యాదు చేసిన ఎన్ని రోజుల్లో మనిషి వస్తాడు.
9. ఒప్పందం రద్దయితే బయానా ఎంత, ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుంది.

'కంపెనీ నిబంధనలు వర్తిస్తాయి' అన్న ఒక్క వాక్యంతో సరిపెడితే ఆ నిబంధనల ప్రతిని జతపరచమని అడగాలి.

సొమ్ము ఎప్పుడు, ఎంత?

సగానికి పైగా సొమ్ము ముందే కట్టించుకొని పని మొదలుపెట్టే పద్ధతి వ్యాపారంలో ఉంది. సొమ్మంతా ముందే చేతిలో పడితే డీలరుకు తొందర ఉండదు. బేరమాడి ఇలా విడదీసుకోవడం శ్రేయస్కరం: బయానా 10 శాతం, చట్రం పూర్తయ్యాక చూసి 25 శాతం, కర్మాగారంలో తనిఖీ అనంతరం లారీ ఎక్కే ముందు 40 శాతం, బిగించి తాళాలు ఇచ్చాక 15 శాతం, మిగిలిన 10 శాతం మొదటి గట్టి వాన కురిసి చుక్క కారలేదని తేలాక. చివరి షరతుకు అంగీకరించని డీలరు తన కప్పుపై తనకే నమ్మకం లేదని చెప్పినట్లే. వేసవిలో కొనేవారు కనీసం ట్యాంకరు నీటితో కప్పును గంటసేపు తడిపి చూడాలి.

తనిఖీకి ఒక్కరే వెళ్లక, ఊరిలోని వెల్డరును గానీ, తెలిసిన ఇంజినీరును గానీ వెంట తీసుకువెళ్లాలి. వారికిచ్చే ఒక రోజు కూలి లక్షలు కాపాడవచ్చు. ప్యానెళ్లు మూయకముందు చట్రాన్ని, వెల్డింగులను, తీగల గొట్టాలను ఫొటోలు తీసి తేదీలతో దాచుకోవాలి. మూసిన తరువాత ఏమున్నదో ఎవరూ చెప్పలేరు.

మోసపోతే దారేది?

మొదట డీలరుకు లిఖితపూర్వకంగా తెలియజేసి, పోస్టు రసీదు దాచాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఫలితం లేకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌ ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం గృహ నిర్మాణం సైతం 'సేవ' కిందికి వస్తుంది. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షల వరకు ఉంటే జిల్లా కమిషన్‌లోనే దావా వేయవచ్చు. రూ.5 లక్షల వరకైతే రుసుము లేదు. డీలరు ఏ నగరంలో ఉన్నా ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే దావా వేసుకునే వెసులుబాటును ఈ చట్టం కల్పించింది. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా వేయాలి. 'రేపు వస్తాం, ఎల్లుండి వస్తాం' అన్న మాటలతో గడువు కరిగిపోకుండా చూసుకోవాలి.

ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉన్నా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించడానికి అది అడ్డు కాదని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. అయితే రిసార్టులు, అద్దె గదులు వంటి వాణిజ్య అవసరాలకు కొన్నవారు 'వినియోగదారు' నిర్వచనంలోకి రాకపోవచ్చు. స్వయం ఉపాధితో జీవనం కోసం కొన్నవారికి మాత్రం మినహాయింపు ఉంది. బిల్లు ఎవరి పేరిట తీసుకుంటున్నారన్నది అందుకే ముఖ్యం. పన్ను ఎగవేసి 'కచ్చా బిల్లు'తో కొంటే కొన్ని వేలు మిగలవచ్చు గానీ, రేపు కమిషన్‌ ముందు చూపడానికి చేతిలో ఆధారమే ఉండదు. సొమ్ము తీసుకొని బోర్డు తిప్పేసినవారిపై పోలీసులకు మోసం కింద ఫిర్యాదు చేయాలి.

రెడీమేడ్‌ ఇల్లు చెడ్డది కాదు. సరైన చట్రం, సరైన ప్యానెల్‌, గట్టి బిగింపు, ఏటేటా కీళ్లకు, రంగుకు కాస్త సంరక్షణ ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తుంది. పైన చెప్పిన విశ్రాంత ఉపాధ్యాయుడు తన ఇంటి కప్పుపై తాటాకు పందిరి వేయించుకొని ఇప్పుడు అందులోనే ఉంటున్నారు. ఇటువంటి ఇల్లు కొంటామని వచ్చే ఊరివారికి ఆయన తన ఒప్పంద పత్రాన్ని తీసి చూపుతారు. అందులో లేనివి ఏమిటో వేలు పెట్టి మరీ చెబుతారు.